తడి సున్నం మీద ఏనుగు

పోయిన వారం పొద్దున్నే చాయ్ తాగుతూ కూర్చుంటే ఫోను మోగింది. చేసింది మా అక్క కూతురు, కొండగట్టు దిగువన ఒక ఊళ్లో ఉంటుంది. ఆమె బిడ్డకు పెళ్లి కుదిరిన సంగతి నాకు ముందే తెలుసు కాబట్టి పిలుపు కోసమే చేసిందనుకుని తీరిగ్గా యోగక్షేమాలు మొదలుపెట్టాను. ఆమెకు అంత ఓపిక లేదు. "మామా, మా పిల్ల ఫ్లెక్సు వద్దంటె వద్దంటున్నది. నా పెండ్లి ఫొటోలల్ల గోడ మీద నువ్వేసిన ఏనుగులు సూసింది. నాకు గవ్వే గావాలె, తాతనే వచ్చి ఎయ్యాలె అని కూసున్నది" అంది. నేను బ్రష్షు పట్టి ఎన్నో ఏళ్లయిందనీ, చెయ్యి వణుకుతున్నదనీ ఏవేవో చెప్పబోయాను కానీ, నిజం చెప్పొద్దూ, నోరు అలా అంటుంటే కాళ్లు అప్పటికే లేచి అటక కింద స్టూలు వేస్తున్నాయి. పాత రంగు డబ్బాలు, గట్టిపడి పుల్లల్లా అయిపోయిన బ్రష్షులు, నీలం మరకల తువ్వాల ఒక్కొక్కటీ కిందికి పడేస్తుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "పెండ్లి నీదా ఏంది, గట్ల ఎగురుతున్నవ్?" అని నవ్వింది. ఎగరకేం చేస్తాను! ఆ రోజు మధ్యాహ్నం కునుకు కూడా పట్టలేదు.

మా ఈడు వాళ్లకు పెళ్లింటి గోడ గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. అయినా తలుచుకుంటే ఎంత బాగుంటుందో! లగ్గం పెట్టుకున్నారంటే ముందు ఇంటికి సున్నం పడాలి, ఆ సున్నంలో చిటికెడు నీలిమందు కలవాలి, గోడ అడుగున జాజుతో ఎర్రటి పట్టీ తీర్చాలి, ఆ తర్వాత పెయింటరుకు కబురు పోవాలి. దర్వాజకు అటూ ఇటూ తొండమెత్తి దండ పట్టుకున్న ఏనుగులు, అరటి చెట్లు, చిలకలు, వాటి నడుమ పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు. పెళ్లి అయిపోయి, పిల్లలు పుట్టి, బడికి పోయేదాకా ఆ పేర్లు అలా గోడ మీదే ఉండేవి. అక్షరాలు కూడబలుక్కునే వయసులో పిల్లలు మొట్టమొదట చదివింది తమ అమ్మానాన్నల పేర్లే అయిన ఇళ్లు నాకు చాలా తెలుసు. గోడలు రాసేవాడికి అంతకంటే ఏం కావాలి చెప్పండి.

అయితే నేను పుట్టింది రంగుల ఇంట్లో కాదు, మగ్గాల ఇంట్లో. అమ్మను అవ్వ, నాన్నను బాపు అనేవాళ్లం. బాపు సాంచల మీద పనిచేసేవాడు. కరెంటు మగ్గాలను మా వైపు సాంచలంటారు. ఆ షెడ్డులో ఆ చప్పుడుకు పక్కనున్న మనిషి అరిచినా వినిపించదు కాబట్టి బాపు చెవులతో కంటే చేతులతోనే ఎక్కువ వినేవాడని నాకనిపించేది. నడుస్తున్న బట్ట మీద అరచెయ్యి ఆనించి, ఎక్కడ ఒక్క పోగు తెగిందో అక్కడ టక్కున ఆపేసేవాడు. పోగు తెగింది చూసుకోకుండా బారెడు బట్ట నేశాడంటే సాంచల ఆసామి ముఖం మాడ్చుకునేవాడు, కూలి కోసేవాడు. అందుకని బాపు చెయ్యికి తప్పు వెతకడం అలవాటైపోయింది. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేది. నెత్తి మీద కుండ కింద పెట్టుకోవడానికి అవ్వ చుట్టిన చుట్టబట్ట మీద, కొత్తగా అలికిన అరుగు మీద, నేను గీసిన బొమ్మ మీద అదే అరచెయ్యి పెట్టి, ముందుగా తప్పే చూసేవాడు. "గీ కన్ను జర మీదికి వోయింది సూడు" అనేవాడు. కోపంతో కాదు, పాపం, పోగు చూపించినట్టే చూపించేవాడు. నేను వెంటనే చెరిపేసి మళ్లీ గీసేవాణ్ణి. మళ్లీ ఏదో తేడా కనబడేది, మళ్లీ చెరిపేవాణ్ణి. చివరికి పలకకు అంటిన తడి తప్ప బొమ్మ మిగిలేది కాదు.

పదో తరగతి కాగానే బాపు తన పక్క సాంచ మీద నాకు పని మాట్లాడి పెట్టాడు. నాకేమో లక్సెట్టిపేటలో ఉండే మేనమామ దగ్గరికి పోయి రంగులు నేర్చుకోవాలని ఒకటే పట్టు. మా మేనమామ దుకాణాల బోర్డులు రాసేవాడు, ఎండాకాలం వస్తే పెళ్లింటి గోడలు వేసేవాడు. నేను అన్నం మానేసి ఏడ్చి, అవ్వతో చెప్పిస్తే చివరికి బాపు దిగొచ్చాడు కానీ ఒక ఒప్పందం పెట్టాడు. "గీ లగ్గాల సీజన్ దాక పో. ఒక్క ఇంటి గోడ నువ్వొక్కనివే ఎయ్యి. నేనొచ్చి సూస్త. ఆ ఇంటోళ్లు సంబురపడ్డరా, నువ్వు పెయింటరువే. లేకపోతె మారు మాట లేకుంట సాంచల కాడికి రావాలె" అన్నాడు. నేను ఎగిరి గంతేసి బస్సెక్కాను. ఆ షెడ్డు చప్పుడు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అప్పుడైతే ఆ ఒక్క గోడ మీదే నా బతుకంతా ఉన్నట్టనిపించింది.

మేనమామ దగ్గర నేను అన్నీ త్వరగానే నేర్చుకున్నాను. తుమ్మ బంక ఎంతసేపు నానాలి, పొడి రంగులో ఎంత కలపాలి, లావు గీతలకు ఈత బరిగె కొనను రాతి మీద ఎలా నలగ్గొట్టి కుంచెలా చేసుకోవాలి, అన్నీ. ఒక్కటి మాత్రం నా వల్ల కాలేదు, చెయ్యి వదిలి గీయడం. నీలిమందులో ముంచిన దారం గోడ మీద బిగించి టప్పున కొట్టి అడ్డగీతలూ నిలువుగీతలూ వేసేవాణ్ణి, క్యాలెండరు బొమ్మ మీద కూడా అలాగే గడులు గీసేవాణ్ణి, ఏ గడిలో తొండం ఎంత ఉందో చూసి గోడ మీద అంతే దింపేవాణ్ణి. ఏనుగు దిగేది. కానీ పొలం గట్టు మీద సర్వే రాయి పాతినట్టు నిలబడేది. మేనమామ ఏనుగులకేమో ఒక దంతం పొడుగు, ఒకటి పొట్టి, ఒకసారైతే కళ్లు రెండూ ఒకవైపే వచ్చాయి. అయినా వాటి ముందు జనం ఆగి నవ్వుకుంటూ మాట్లాడుకునేవాళ్లు. నా వాటి ముందు ఎవరూ ఆగేవాళ్లు కాదు. "అల్లుడా, నువ్వు ఏనుగును గీస్తలేవురా, కొలుస్తున్నవ్" అనేవాడు మేనమామ. ఆయనకు కొలత తెలియక అలా అంటున్నాడని నేను లోలోపల అనుకునేవాణ్ణి. ఇంకో సంగతి కూడా నాకు అర్థమయ్యేది కాదు. ఆయన ఎప్పుడూ గోడ కింది సగంలోనే బొమ్మలు వేసేవాడు, పై సగం ముట్టుకునేవాడు కాదు. నిచ్చెన ఎక్కడానికి బద్ధకం కాబోలనుకున్నాను.

ఆ సీజన్లోనే ఒకసారి ఆయనకు ఉట్నూరులో జీపుల మీద పేర్లు రాసే పని తగిలింది. అదే సమయానికి లక్సెట్టిపేట పక్కనే, గోదావరి ఒడ్డున ఒక రైతుల ఇంట్లో లగ్గం ఉంది. ఆ గోడ నాకు వదిలేసి ఆయన ఉట్నూరు బస్సెక్కాడు. నేను బాపుకు కబురు పెట్టాను. పెళ్లికి ముందటి రోజు సాయంత్రం బస్సులో వస్తానని తిరుగు కబురు వచ్చింది.

ఇక చూడండి నా వైభోగం! దర్వాజకు అటూ ఇటూ రెండు ఏనుగులను గోడ ఎంత ఉందో అంత వేస్తానని పట్టుబట్టాను. అరుగు నుంచి చూరు దాకా గడులు కొట్టాను. నిచ్చెన మీద నిలబడి వేసినవి ఏనుగుల తలలు, పైకెత్తిన తొండాలు, దండ, వాటి పైన కమానులా వంపు తిరిగిన అక్షరాల్లో ఇద్దరి పేర్లు. తొండం వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే తడి గుడ్డతో తుడిచి మళ్లీ వేశాను. తిండి ధ్యాస లేదు. ఆ ఇంటి ముసలవ్వ, అంటే పెళ్లికూతురి నాయినమ్మ, మాటిమాటికీ వచ్చి "తిని గియ్యి బిడ్డా, ఏనుగు యాడికి ఉరుకది" అని నవ్వి పోయేది. పెళ్లికి ముందటి రోజు పొద్దెక్కేసరికి పని పూర్తయింది. దిగి, వెనక్కి నడిచి చూశాను. ఒక్క తప్పు లేదు. బాపు వచ్చి అరచేత్తో తడిమినా ఒక్క పోగు దొరకదనుకున్నాను.

అంతలో ఆ ఇంటి మగవాళ్లు బండి నిండా పచ్చి కొమ్మలు, వెదురు బొంగులు, గుంజలు తెచ్చి దించారు. పెళ్లి పందిరి! ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ణి, లెక్కలేనన్ని పెళ్లిళ్లకు వెళ్లినవాణ్ణి, పెళ్లింటి ముందు పందిరి వేస్తారన్న సంగతి నాకు గుర్తే రాలేదంటే నమ్ముతారా? చూరు కింద బొంగులు కట్టి, మీద ఆకు పరిచి, అంచున కొమ్మలు గుత్తులుగా వేలాడదీశారు. నా కళ్ల ముందే నేను రాసిన పేర్లు, నా దండ, నా తొండాలు, నా ఏనుగుల తలలు ఒక్కొక్కటే ఆకుల వెనక్కి పోయాయి. మేనమామ నిచ్చెన ఎందుకు ఎక్కేవాడు కాదో అప్పుడు తెలిసింది. కింద మిగిలినవి ఎనిమిది కాళ్లు, రెండు పొట్టలు.

పందిరి జరపమని అడిగే వీలు లేదు. మంచి గడియ చూసి గుంజ పాతి, ఆడవాళ్లు పసుపు కుంకుమ పెట్టి మొక్కిన తర్వాత దాన్ని కదిలించరు. వచ్చినవాళ్లలో ఎవరో "తలకాయ లేని ఏనుగులా, లగ్గపింటి మీదనా?" అన్నారు. ఆ మాటతో ఇంటి యజమాని ముఖం మారిపోయింది. శుభమా అని పెళ్లి చేస్తుంటే ఇదేం అపశకునమని ఆయన పరేషాన్. సాయంత్రం బస్సుకు బాపు దిగుతాడు, కాళ్లూ పొట్టలూ చూస్తాడు, నా చెయ్యి పట్టుకుని సాంచల షెడ్డుకు తీసుకుపోతాడు. అరుగు మీద కూలబడి ఏడుపు ఆపుకుంటున్నాను.

అప్పుడు ఆ ముసలవ్వ సున్నం కుండతో వచ్చింది. "ఫికర్ జెయ్యకు. గీ కాళ్లన్ని సున్నం కింద వోతయి. కింద మళ్ల గియ్యి" అంటూ చిక్కటి సున్నం తానే పూయడం మొదలుపెట్టింది. ఆరడానికి పూట పడుతుందనీ, తడి సున్నం మీద దారం గీత నిలవదనీ, బొగ్గు గీత నిలవదనీ, గడులు లేకుండా నాకు రాదనీ చెప్పాను. పైగా తడి మీద వేసిన రంగు లోపలికి ఇంకిపోతుంది, తప్పు పోతే తుడవడం ఉండదు, తుడిస్తే సున్నమే ఊడి వస్తుంది. ఆమె అంతా విని, "మా ఆకిట్ల ముగ్గు నేను దారం వట్టే ఏస్తున్ననా?" అంది. ఇంకో దారి లేదు.

ఈత కుంచెను జాజులో ముంచి, కళ్లు మూసుకున్నంత పని చేసి, ఏనుగు వీపు గీత ఒక్క లాగు లాగాను. గీత నడుమ దిగిపోయింది. వెనక నుంచి ఒకామె "గది ఏనుగా, బర్రెనా?" అంది. అరుగు కింద చేరిన ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. ముసలవ్వ తగ్గలేదు. "బర్రెనే గానియ్, ఇంట్ల పాడి ఉండాలె గదా. పక్కకు దుడ్డెను గియ్యి" అంది. చెరిపే వీలు లేదు కాబట్టి బర్రెనే చేశాను. పక్కన దూడను వేశాను. అది తల్లి పొదుగులోకి తల దూర్చి తోక ఎత్తింది. ఆ తోక ఎవరూ చెప్పకుండా, ఏ క్యాలెండరూ చూడకుండా నా చేతిలోంచి వచ్చింది. అది చూసి నేనే నవ్వేశాను. ఆ నవ్వుతో ఒంట్లో ఏదో ముడి వీడినట్టయింది, చెయ్యి తేలికైపోయింది.

ఇక ఆగలేదు. ఏనుగు వేశాను, ఈసారి ఏనుగే వచ్చింది. తొండం కొస నుంచి రంగు ఎక్కువై బొట్లు బొట్లుగా కారింది. ఇంతకు ముందైతే గుండె ఆగిపోయేది. ఇప్పుడు ఆ కారిన బొట్లకు నీలం కలిపి, ఏనుగు నీళ్లు చిమ్ముతున్నట్టు చేశాను. నీళ్లంటే నది కావాలి కదా, కింద గోదావరి పారింది. ఒకరు మా గడపల పడుకునే కుక్కను గీయమన్నారు, ఒకరు జామ చెట్టు మీద చిలకలన్నారు, ఇంకొకరు తాటిచెట్టు, దాని కింద కల్లు కుండతో మామ అన్నారు, ఆ మామ అక్కడే ఉండి సిగ్గుపడ్డాడు. చేతులకు పసుపుతో పెళ్లికూతురు కూడా తలుపు వెనక నుంచి వచ్చింది. ఆమెను ఇస్తున్నది నదికి అవతలి ఒడ్డున ఉన్న ఊరికి. "అన్నా, గా నీళ్లల్ల ఒక పడవ గియ్యరాదే. ఇటు మొకం వెట్టి ఉండాలె" అంది మెల్లగా. నేను పడవను పుట్టింటి వైపు ముఖం పెట్టి వేశాను. దాని పక్కనే, అలల మీద, ఇద్దరి పేర్లూ రాశాను. దారం లేదు, కమాను లేదు, అక్షరాలు నీటి మీద ఊగుతున్నట్టు కాస్త పైకీ కిందికీ వచ్చాయి. నా బతుకులో నేను రాసిన అక్షరాల్లో ఇప్పటికీ నాకు అవే ఇష్టం. ఆ సాయంత్రం ఎంత సంతోషపడ్డానో నాకు చెప్పడం రావడం లేదు. సాంచలు, బస్సు, ఒప్పందం, ఏదీ గుర్తు లేదు.

గుర్తు వచ్చేసరికి బాపు నా వెనకే ఉన్నాడు. ఎప్పుడు దిగాడో, ఎంతసేపటి నుంచి ఆడవాళ్ల మధ్య నిలబడి చూస్తున్నాడో తెలియదు. చేతిలో సంచి అలాగే ఉంది. నా చెయ్యి ఆగిపోయింది. బాపు అరుగు ఎక్కాడు, గోడ దగ్గరికి వచ్చాడు, అలవాటు ప్రకారం ఏనుగు పొట్ట మీద అరచెయ్యి ఆనించాడు. తడిగా తగిలేసరికి ఉలిక్కిపడి వెనక్కి అడుగేశాడు, అరుగు అంచున కాలు జారింది, పడబోతూ అదే చేత్తో గోడను పట్టుకున్నాడు. పడలేదు కానీ, నది ఒడ్డున తెల్లగా వదిలేసిన చోట అయిదు వేళ్లతో ఎర్రటి చెయ్యి అచ్చు పడింది.

బాపు తన చెయ్యినీ గోడనూ మార్చి మార్చి చూస్తున్నాడు. జీవితమంతా ఇతరుల తప్పు పట్టిన ఆ ముఖంలో అంత దిగులు నేనెప్పుడూ చూడలేదు. "అయ్యో కొడుకా, ఖరాబ్ జేస్తినిగదరా" అన్నాడు. నేను ఆలోచించలేదు. పసుపు రంగు డబ్బా అందుకుని ఆ వేళ్ల కొసల మీద గుత్తులు గుత్తులుగా పూలు పెట్టాను, అరచెయ్యి కింద మొదలు గీశాను. గోదావరి ఒడ్డున తంగేడు చెట్టు విరగబూసింది. ముసలవ్వ చప్పట్లు కొట్టింది. బాపు దగ్గరగా వంగి, ఆ చెట్టును చాలాసేపు చూసి, "నా చెయ్యి గింత పెద్దగున్నదారా?" అన్నాడు.

రాత్రి బంతిలో అన్నం తింటుండగా నా వైపు చూడకుండానే తేల్చేశాడు. "నువ్వు సాంచల కాడికి రాకు. నీ అసొంటోడు ఆడ ఉంటె ఆసామి నన్ను గూడ ఎల్లగొడ్తడు" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు.

తడి సున్నంలో ఇంకిన రంగు కాబట్టి ఆ గోడ ఎన్ని వానలు పడ్డా పోలేదు. ప్రతి ఏడూ ఇల్లంతా సున్నం వేసినా ముసలవ్వ ఆ ముక్కను ముట్టనిచ్చేది కాదట. ఆ తర్వాత ఏళ్ల తరబడి కరీంనగర్ వైపూ ఆదిలాబాద్ వైపూ నేను వేయని ఊరు లేదు. దుకాణం బోర్డులకు దారం పట్టాను, పట్టాల్సిందే, అక్కడ అక్షరం నిటారుగా ఉండాలి. పెళ్లింటి గోడకు మాత్రం మళ్లీ దారం ముట్టలేదు. పందిరి పడ్డాకే బ్రష్షు తీసేవాణ్ణి. లక్సెట్టిపేట వైపు ఎప్పుడు పోయినా ఆ ఇంటి ముందు ఆగి బాపు చెయ్యిని చూసి వచ్చేవాణ్ణి. పెళ్లికూతురి తమ్ముడు దుబాయి నుంచి వచ్చి ఇల్లు పడగొట్టి స్లాబు వేసిన ఏడాది అది పోయింది. అప్పటికే బాపు కూడా లేడు.

మొన్న మా ఇంట్లోని చిన్న మనవరాలు తన ఫోనులో ఏనుగు గీసి చూపించింది. ఎంత చక్కగా ఉందో. "తాతా, తప్పయితె గీ బాణం ఒత్తాలె, వెనుకకు వోతది" అంది. ఒక్క ఏనుగుకు ఆ బాణం ఎన్నిసార్లు ఒత్తిందో లెక్కలేదు. నా పలక గుర్తొచ్చింది. పెళ్లికి నాతో పాటు దాన్ని కూడా తీసుకుపోతున్నాను. మా మేనకోడలికి మూడు షరతులు చెప్పాను. ముందు పందిరి వేయాలి, సున్నం నేను వచ్చాకే పూయాలి, గోడ దగ్గరికి ఎవరినీ రావద్దని అనకూడదు. నా చెయ్యి వణుకుతున్న మాట నిజమే, అయితే గోదావరి వేయాల్సిన చెయ్యి కాస్త వణికితే అలలు నాలుగు ఎక్కువ వస్తాయి, అంతే కదా.

అయినా ఒక దిగులు ఉంది, మీతో కాకపోతే ఎవరితో చెప్పుకుంటాను. పోయిన నెల కరీంనగరులో ఒక ఫంక్షన్ హాలుకు పోయాను. వాకిట్లో తాటిచెట్టంత ఫ్లెక్సు, దాని మీద రెండు ఏనుగులు, ఎక్కడా ఒక్క గీత తప్పలేదు. అవే ఏనుగులు అంతకు ముందు వారం ఇంకో పెళ్లిలో కూడా ఉన్నాయి. దాని ముందు నిలబడి దూడను గీయమన్నవాళ్లు లేరు, పడవ అడిగిన పిల్ల లేదు, దానికి అసలు ఎవరి మాటా అక్కరలేదు. ఊరికే, బాపు లాగా, దాని మీద అరచెయ్యి పెట్టి చూశాను. నున్నగా, చల్లగా తగిలింది. చెయ్యి తీసి చూసుకుంటే ఏ రంగూ అంటలేదు. నా చెయ్యి కూడా దానికి ఎక్కడా అంటలేదు.